ఏడీహెచ్‌డీ: అల్లరి కాదు, పెంపకం లోపమూ కాదు.. ఆ పిల్లల మెదడులో తేడా ఏంటంటే?

క్లాసులో కుదురుగా కూర్చోరు.. చెప్పింది సగం వినరు.. పెన్సిళ్లు, పుస్తకాలు రోజూ ఎక్కడో పోగొట్టుకొస్తారు. ఇలాంటి పిల్లలపై మొండివాళ్లని ముద్ర వేస్తుంటారు. పెంపకం సరిగ్గా లేదంటూ తల్లిదండ్రులనూ తప్పుబడతారు. కానీ దీనికి అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్.. అంటే ఏడీహెచ్‌డీ కారణం కావొచ్చు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య.

తేడా ఎక్కడ?

4 నుంచి 63 ఏళ్ల మధ్య వయసున్న 3,242 మంది ఎంఆర్‌ఐ స్కాన్లను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం 2017లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చింది. వీరిలో 1,713 మందికి ఏడీహెచ్‌డీ ఉంది. వారి మెదడులో ఐదు భాగాల సైజు సగటున కాస్త తక్కువగా కనిపించింది. భావోద్వేగాలను అదుపు చేసే అమిగ్డలా, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ వాటిలో ఉన్నాయి. ఈ తేడా పిల్లల్లోనే స్పష్టంగా ఉంది, పెద్దవాళ్లలో అంతగా లేదు. మందుల వల్లే ఇలా జరిగిందనడానికీ ఆధారం దొరకలేదు.

మూడేళ్లు ఆలస్యం

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ 2007లోనే మరో విషయం బయటపెట్టింది. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో సగం భాగం గరిష్ఠ మందానికి చేరడానికి మామూలు పిల్లలకు సుమారు 7.5 ఏళ్లు పడితే, ఏడీహెచ్‌డీ ఉన్నవారికి 10.5 ఏళ్లు పట్టింది. ఏకాగ్రత, ప్లానింగ్, తొందరపాటును ఆపుకోవడం.. వీటిని చూసుకునే ముందు భాగంలోనే ఆలస్యం ఎక్కువ. అయితే ఎదుగుదల క్రమం మాత్రం ఇద్దరిలో దాదాపు ఒకటే. అంటే మెదడు దారి తప్పలేదు, లేటుగా నడుస్తోందన్నమాట.

స్కాన్ తీయిస్తే తెలుస్తుందా?

తెలియదు. ఇవన్నీ వందల మందిని కలిపి చూస్తేనే కనిపించే చిన్న తేడాలు. ఒక్క పిల్లాడి ఎంఆర్‌ఐ చూసి ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ స్కూల్లోనూ కనిపిస్తున్నాయా.. అని తల్లిదండ్రులను, టీచర్లను అడిగి నిర్ధారిస్తారు.

ఆరేళ్లలోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ, బిహేవియర్ థెరపీ సూచిస్తారు. ఆ పై వయసువారికి అవసరాన్ని బట్టి మందులు ఇస్తారు. అనుమానం ఉంటే స్కానింగ్ సెంటర్‌కు కాదు.. పిల్లల డాక్టర్ లేదా చైల్డ్ సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి.