నల్లబల్లపై నిలువుగీత

ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించునపుడు నల్లబల్లపై నిలువుగీత గీసి, ఒకవైపు ప్రజాస్వామ్య లక్షణములను, మరొకవైపు నియంతృత్వ లక్షణములను వ్రాయించుట పరిపాటి. పరీక్షకు అది చాలును. కాని జర్మనీ చరిత్ర ఆ గీతను నిలువనీయదు. అధ్యక్షునికి అత్యవసరాధికారము లిచ్చినది 1919 నాటి వైమార్ రాజ్యాంగములోని 48వ అధికరణమే. 1933 ఫిబ్రవరిలో పార్లమెంటు భవనము తగులబడిన మరునాడు ఆ అధికరణము క్రిందనే పౌరహక్కులు రద్దయినవి. మార్చి 23న, కమ్యూనిస్టు సభ్యులను రానీయక, శాసనాధికారమును హిట్లరు మంత్రివర్గమునకు అప్పగించు బిల్లును 444 ఓట్లతో నెగ్గించిరి. ఎదిరించిన 94 మందియు సోషల్ డెమొక్రాట్లే. ఈ ఓటింగును గీతకు ఏ వైపున వ్రాయింతుము?

మన రాజ్యాంగసభలో 1949లో హెచ్. వి. కామత్ వైమారును ఉదాహరించియే హెచ్చరించెను. 1975 జూన్ 25న దేశమున అత్యవసర పరిస్థితి విధింపబడినది. అందుకు ఆధారమైన ‘ఆంతరంగిక కల్లోలము’ అను మాటను 1978 నాటి 44వ సవరణ ‘సాయుధ తిరుగుబాటు’గా మార్చినది.