జ్వరం పోయింది, సత్తువ రాలేదు

చికున్‌గున్యా మన దేశానికి 2006లోనే మొదటిసారి వచ్చిందనుకుంటారు చాలామంది. కాదు తల్లీ. ఆ చిల్లకంప మొద్దు ఇట్టా మంటలోకి జరుపు, చెప్తాను. 1963లో కలకత్తాలో వచ్చింది. మరుసటేడు మద్రాసులో, 1965లో మన విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి దిక్కున. 1973లో మహారాష్ట్రలో బార్సీ కాడ కనపడి, ఆ పైన ముప్పై ఏళ్ళకు పైగా అజాపజా లేదు. నేను హెల్త్ అసిస్టెంటుగా చేరేనాటికి అది పుస్తకంలో చదువుకున్న పేరే.

2005 ఆఖర్లో రాయలసీమ దిక్కునుంచి కబురొచ్చింది. ఆ మరుసటేడు కొండాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. కలిగిరి బస్సు వచ్చి నిలబడితే మెట్టు మీద కాలెత్తి పెట్టలేక, కండక్టరు చెయ్యిస్తే ఎక్కేవాళ్ళు. కోడికూర తింటే వస్తుందని కొందరు కోళ్ళనే అమ్మేసుకున్నారు. అసలు సంగతి మన నీళ్ళ కరువులో ఉంది. మెట్టప్రాంతం కదా, ట్యాంకరు వచ్చినప్పుడే పట్టి పెట్టుకోవాలి. డ్రమ్ముల్లో, తొట్లలో వారం పది రోజులు నిలవున్న మంచినీళ్ళలోనే ఈ జ్వరం తెచ్చే దోమ గుడ్లు పెడుతుంది. మురుక్కాలవ దోమ కాదది, పగటి పూట కుట్టే చారల కాళ్ళ దోమ. తొట్టి వంచెయ్యండమ్మా అంటే, రేపటికి నీళ్ళు నువ్వు తెచ్చిస్తావా అని అడిగేవాళ్ళు. ఏం చెప్పేది?

రక్తం పుణె వైరాలజీ సంస్థకు పోయింది. వాళ్ళు తేల్చిందేంటంటే, 1963 నాటిది ఆసియా రకం, ఇప్పుడొచ్చింది ఆఫ్రికా రకం. ఆ ఏడాది దేశమంతా కలిపి దాదాపు 13 లక్షల 90 వేల మందికి వచ్చినట్టు సర్కారు లెక్క.

మీ చిన్నజేజికి అప్పుడే వచ్చింది. బారన్ కాడ పొగాకు అల్లేదాంట్లో ఆమె చేతికి సాటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. జ్వరం వారంలో పోయింది. కీళ్ళు కూడా కొన్ని నెలలకు రవంత దారికొచ్చాయి. సత్తువ మాత్రం రాలేదు. ఒకరోజు ఓపిక ఉండాదని ఇల్లు అలుక్కుంటే, రెండు రోజులు పక్కమీంచి లేచేది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన సంగతి మరిచిపోయేది. రాత్రంతా పడుకున్నా తెల్లారి ఒళ్ళు మరీ బరువు. రక్తపరీక్షలన్నీ చేయించాం, అన్నీ బాగుండాయన్నారు. ఇంక చూసుకో! అత్తగారు బద్ధకమనె, తోడికోడళ్ళు వేషాలనిరి. రక్తంలో వైరస్ ఉండేదే వారం రోజులు. ఆరు నెలల తర్వాత వెతికితే ఏం దొరుకుతుంది? దొంగ పారిపోయినాక ఇల్లంతా గాలించి, దొంగ లేడు కాబట్టి దొంగతనమే జరగలేదన్నట్టుండాది.

రిటైరైనాక మీ అన్న మెడికల్ కాలేజీ నుంచి తెచ్చిన కాగితాలు చదివితే తెలిసింది, ఈ మాట పడింది మీ చిన్నజేజి ఒక్కతే కాదని. 1955లో లండన్‌లో రాయల్ ఫ్రీ ఆస్పత్రి అని పెద్ద ఆస్పత్రి. అక్కడ పనిచేసే డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది 292 మంది ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. కండరాల నొప్పులు, తలతిప్పుడు, తీరని నీరసం. ఆస్పత్రే మూసేశారు. అప్పటికే మంచాల మీదున్న రోగుల్లో మాత్రం 12 మందికే వచ్చింది. పోలియోకు చుట్టమైన వైరసేమో అని వెతికారు, దొరకలేదు. పదిహేనేళ్ళకు, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు షీట్లు చదివి ఇదంతా సామూహిక హిస్టీరియా అని రాసేశారు. రోగుల్ని పరీక్షించి రాసింది కాదు. వాళ్ళు చూపిన కారణాల్లో ఒకటి, జబ్బుపడినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళని! చదివిన నాడు నాకు అన్నం దిగలేదు.

1984లో అమెరికాలో తాహో చెరువు కాడ మళ్ళీ ఇట్టాగే. ఎప్‌స్టీన్ బార్ వైరస్ వల్లనన్నారు. అదేమో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఎప్పుడో చేరి ఉండేదే, దాన్ని పట్టుకుని ఏం తేలుస్తారు? 1988లో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరైతే పెట్టారు.

2009లో మాత్రం లోకమంతా ఆశపడింది. 101 మంది రోగుల్లో 68 మందికి ఎక్స్.ఎం.ఆర్.వి. అనే వైరస్ ఉందని సైన్స్ పత్రికలో వచ్చింది. ఏళ్ళ తరబడి అబద్ధాలకోర్లనిపించుకున్నవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంటారు. ఆ వైరస్‌ను చంపుతాయేమోనని కొందరు ఎయిడ్స్ మందులు కూడా మింగారు. కొన్ని దేశాల్లో ఈ జబ్బున్నవాళ్ళ రక్తం తీసుకోవడం ఆపేశారు. తీరా చూస్తే ఆ వైరస్ మనుషుల్ది కాదు. 1990ల్లో ప్రయోగశాలలో ప్రోస్టేటు క్యాన్సరు కణాలను ఎలుకల్లో పెంచేటప్పుడు, రెండు ఎలుక వైరస్ ముక్కలు కలిసి పుట్టింది. అక్కణ్ణించి శాంపిళ్ళలోకి చేరింది. 2011 డిసెంబరులో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మరుసటేడు కొలంబియా యూనివర్సిటీ లిప్కిన్ గారు 147 మంది రోగుల్నీ, 146 మంది ఆరోగ్యవంతుల్నీ పెట్టి, మొదట కనుక్కున్నవాళ్ళనే చేర్చుకుని మళ్ళీ చూస్తే, ఎవరిలోనూ లేదు. వైరస్ పోయింది సరే, ఆ రోగుల జబ్బు ఎక్కడికి పోతుంది?

నా మనసుకు పట్టిన సంగతి ఇంకోటుంది. మనం మంచాన పడిన ఆ 2006లోనే ఆస్ట్రేలియా నుంచి ఒక పరిశోధన వచ్చింది. సిడ్నీకి దూరంగా డబ్బో అని రైతుల ఊరు. అక్కడ మూడు రకాల జ్వరాలొచ్చిన 253 మందిని జ్వరం నాటినుంచి ఏడాది పాటు కనిపెట్టుకుని ఉండారు. ఒకటి ఎప్‌స్టీన్ బార్, రెండోది పశువుల నుంచి వచ్చే క్యూ జ్వరం, మూడోది రాస్ రివర్ వైరస్. ఈ మూడోది దోమకాటుతో వచ్చేది, చికున్‌గున్యా కుటుంబంలోదే. ఆరు నెలలకు 29 మంది, అంటే నూటికి పన్నెండు మంది, ఇంకా లేవలేదు. ఏ క్రిమి అన్నది లెక్కలోకి రాలేదు, మనసు గట్టిదా కాదా అన్నదీ రాలేదు. మొదట ఎంత గట్టిగా జబ్బుపడ్డారన్నదే తేల్చింది. మూడు వేరువేరు క్రిముల తర్వాతా ఒకటే నీరసమంటే, అది మన ఒంట్లోనే ఏదో మలుపు దగ్గర తప్పుతోంది. ఇప్పుడు కరోనా తర్వాత లక్షలమంది అదే చెప్తుంటే గానీ లోకం చెవిన పెట్టలా.

ఒళ్ళొంచితే అదే పోతుందనే మాట కూడా మన పల్లెదే కాదులే. రోజూ కొంచెం కొంచెం పని పెంచుకుంటూ పోవాలని ఇంగ్లండు డాక్టర్లే ఏళ్ళపాటు రాశారు. 2021లో అక్కడ వైద్య సలహాలు రాసే నైస్ సంస్థ ఆ సలహా తీసేసింది, చేస్తే జబ్బు ముదురుతోందని.

నా రిజిస్టర్లో జ్వరానికి గడి ఉండేది, స్లైడుకు గడి ఉండేది, దోమల మందుకు గడి ఉండేది. జ్వరం పోయినాక లేవలేని మనిషికి గడి లేదు, పైనుంచి అచ్చేసి పంపిన రిజిస్టరది. నువ్వు నర్సింగు చదువుతుండావు గదా తల్లీ. సంక్రాంతికి ఉండేది ఎన్నాళ్ళయినా, తూర్పు వీధితో మొదలుపెట్టు. ఆ చికున్‌గున్యా ఏడాది మంచాన పడినవాళ్ళు చాలామంది ఇంకా ఉండారు. ఎన్నాళ్ళకు లేచారు, ఏ పని చేస్తే మళ్ళీ పడ్డారు, ఇంట్లోవాళ్ళు ఏమన్నారు, అంతా అడిగి రాసుకో. ఇళ్ళు నేను చూపిస్తాను. చిన్నజేజి కాడికి మాత్రం పొద్దున్నే పోవాలి, పదింటికల్లా ఆమె అలిసిపోతుంది.