సమితి జీపు సీట్లు

మంట కాస్త ఎగదొయ్యండర్రా, పొగంతా ఇటే వస్తోంది. ఏంటీ, మనింట్లో ఒకప్పుడు అంబులెన్సు ఉండేదా అనా? ఎవడు చెప్పేడో గానీ సగమే చెప్పేడు. అంబులెన్సుగా తిరిగినన్నాళ్ళూ తిరిగి, మనింటికొచ్చేక అది కారయ్యింది.

అంబాసిడరంటే అప్పట్లో మంత్రులెక్కిన తెల్ల కారొక్కటే అనుకుంటారు మీరు. అందులోనే ఎస్టేటని ఇంకో రకం ఉండేది. కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వాళ్ళు చేసేవోళ్ళు. దానికి డిక్కీ విడిగా ఉండదు. పైకప్పు చివరిదాకా సాగిపోతుంది, వెనక తలుపు తీస్తే లోపలంతా ఒకటే గది. స్ట్రెచర్ పట్టే చోటు ఉండేది కాబట్టి మన వైపు అది అంబులెన్సు వేషంలోనే కనపడేది. సొంత కారుగా ఎవరూ కొన్న గుర్తు లేదు నాకు.

మరి మా పెదనాన్నగారు ఎందుకు కొన్నారంటే, అప్పట్లో డబ్బున్నంత మాత్రాన కారొచ్చేది కాదు. డబ్బు కట్టి, వరసలో పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. దేశం మొత్తానికి అంబాసిడరు, బొంబాయిలో చేసే ఫియట్టు, మద్రాసులో చేసే స్టాండర్డు, అంతే. మాదా, ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి కొంప. ఎవరింట్లో పెళ్ళైనా రెండెడ్ల బళ్ళు కట్టాల్సిందే. 1978లో ఓ వేలంపాటలో ఈ ఎస్టేటు పాత ఇనుము ధరకి వస్తుంటే ఆయన పాడేసుకొచ్చేరు. ఇంజను బానే ఉంది. లోపల ముందు సీటు తప్ప ఏమీ లేదు, స్ట్రెచర్ జారడానికి వేసిన రెండు పట్టాలూ, ఓ మందుల వాసనా.

మామ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడిపోయింది. "ఎంతమంది ప్రాణాలు పోయేయో ఆ బండిలో! నేను చచ్చినా ఎక్కను, చచ్చేకా ఎక్కించకండి" అంది. పెదనాన్నగారు మాట్లాడలేదు. పసుపునీళ్ళు చల్లించి, గుమ్మడికాయ కొట్టించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించేరు. అయినా మామ్మ కరగలేదు. ఆవిడ కరగడానికి పుష్కరాలు రావాల్సొచ్చింది.

మధ్య సీటు తేలిగ్గానే దొరికింది. విజయవాడ ఆటోనగరు వెళితే పాత అంబాసిడరు సీటు దొరక్కపోవడమేంటి? దాని వెనక, పట్టాలున్న చోట ఏం వెయ్యాలన్నదే పేచీ. మా బావ చెక్కబల్ల వేసేద్దామన్నాడు. వేసేడు కూడా. కాలవ వంతెన ఎక్కి దిగేసరికి బల్ల ఓ పక్కకీ, దాని మీద కూచున్న పిల్లలు ఇంకో పక్కకీ.

అప్పుడు తణుకులో పాత ఇనప కొట్లో కనపడ్డాయి సమితి జీపు సీట్లు. సమితంటే మీకు తెలీదు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులొచ్చేయి. తర్వాత ఎన్టీ రామారావుగారు మండలాలు పెట్టేదాకా అవే. సమితికో బీడీవో, బీడీవోగారికో జీపు. జీపు దుమ్ము లేస్తోందంటే ఊళ్ళో పెద్దలు కండువాలు వెతుక్కునేవారు. వెనక ఎదురెదురుగా రెండు బల్లసీట్లు, వాటి మీద గ్రామసేవకుడూ, గుమాస్తా, మధ్యలో ఎరువుల కట్టలూ. అలాంటి జీపొకటి ముసలిదై వేలంలో పోయింది. కొట్టువాడు ఇంజనూ ఇరుసూ అమ్మేసుకుని సీట్లు గోడకి ఆనించేడు. వాటి కింద కోడి పొదిగింది.

ఆ సీటెలా ఉండేదో చెప్తా. ఇనప గొట్టం వంచి చట్రం కట్టేరు. గోడ వైపు రెండు బందులు, అక్కర్లేనప్పుడు పైకి మడిచెయ్యొచ్చు. ముందు వైపు రెండు కాళ్ళు, నేలకి బోల్టు పడ్డానికి వాటి పాదాలకి చిల్లులు. మీద ప్లైవుడ్డు వానకి ఉబ్బి పొరలు పొరలుగా లేచిపోయింది. రెక్సిన్ చిరిగి లోపలున్నదంతా కోడే లాగేసింది. మిగిలింది చట్రమే. అదే మనక్కావల్సింది.

ఆ చట్రాలు కార్లో బిగించడానికి పిలిచిన మేస్త్రీ గట్టివాడు. చదువు లేదు, చేతిలో మాత్రం సరస్వతి ఉంది. మా బావ బర్మా తీసుకుని నేలకి చిల్లు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఇది జీపు కాదు. జీపుకి కింద ఛాసిస్సుంటాది, దానికి బిగించేస్తే ఏనుగెక్కినా కదల్దు. అంబాసిడరుకి వేరే ఛాసిస్సుండదు, ఈ రేకే దాని ఒళ్ళు. రేక్కి బోల్టేస్తే గతుకులో రేకు చింపుకుని వచ్చేస్తాది" అన్నాడు. నిజమే. అది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డుకి మన దేశపు రూపం. ఒళ్ళంతా కలిపి ఒకే కట్టడం.

అందుకని ఏం చేసేడంటే, ముందు కారు కిందకి దూరి పెట్రోలు గొట్టం ఎటు పోతోందో, బ్రేకు గొట్టం ఎటు పోతోందో సుద్దతో గీసుకున్నాడు. అవి తప్పించి చిల్లులు పెట్టేడు. రేకు అడుగున ప్రతి బోల్టుకీ అరచెయ్యంత ఇనప పలక, దాని కింద స్ప్రింగు వాషరు, ఆ తర్వాత నట్టు. లాగితే ఆ బరువు ఒక్క చిల్లు మీద పడకుండా పలకంతటి మీదా పంచుకుంటుంది. సీటు వెనక వైపు చక్రం గుబ్బ మీదుగా ఓ ఇనప యాంగ్లరు వేసి దానికి బందులు వెల్డింగు చేసేడు. వెల్డింగు చేసే ముందు ట్యాంకు విప్పి షెడ్డు బయట, ఆ చివర పెట్టించేడు. బీడీ కాల్చేవాళ్ళందర్నీ రోడ్డవతలకి తరిమేడు.

సీట్లు కుట్టింది ఓ సాయిబుగారు. దూది వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, నాలుగు నెలలకి అణిగిపోతుందన్నారు. కోనసీమలో అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు తెప్పించి, విడదీసి, ఎండబెట్టి, గోనెపట్టా మీద పరిచి కుట్టేరు. పైన ఎర్ర రెక్సిన్. కొత్తలో ఎండపూట కూచుంటే తొడలు అంటుకుపోయేవి, లేస్తే చర్మం వచ్చేసినంత పనయ్యేది. నిక్కర్ల వయసు వాళ్ళదీ బాధంతా.

ఇక లెక్క చూసుకోండి. గేరు స్టీరింగు దగ్గరే కాబట్టి ముందు సీటు మధ్యలో అడ్డేమీ లేదు, డ్రైవరు కాక ఇద్దరు. మధ్యన నలుగురు ఆడవాళ్ళు. వెనక ఎదురెదురుగా ఎంతమంది పిల్లలుంటే అంతమంది. అంతా ఎక్కేక వెనక భాగం చూలు గేదెలా కిందకి దిగిపోయేది. మేస్త్రీ కమాను కట్టలో ఇంకో పట్టా ఎక్కించేడు. దాంతో ఖాళీగా వెళ్ళినప్పుడు మాత్రం ఎగిరెగిరి పడేది.

1979లో పుష్కరాలొచ్చేయి. గోదారికి పన్నెండేళ్ళకోసారి. అంతకు ముందు పుష్కరాలప్పుడు కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు లేదు, రైలో, లాంచీయో, పడవో. 1974లో రోడ్డూ రైలూ కలిపిన వంతెన వచ్చింది, పైన మనం, కింద రైలు. వంతెన మీంచి కార్లో వెళ్ళి రాజమండ్రిలో మునగొచ్చంటే మామ్మకి ప్రాణం లాగింది. రెండ్రోజులు ఏదో గొణుక్కుంది. మూడో రోజు పొద్దున్నే తడిబట్టతో వచ్చి, అందరికంటే ముందు మధ్య సీట్లో కిటికీ పక్కన కూచుంది. ఎవరూ ఏమీ అనలేదు. అంటే దిగిపోతుందని భయం.

వంతెన మీదకెక్కేసరికి కింద రైలొచ్చింది. కారడుగున నేలంతా దడదడలాడింది. మామ్మ కళ్ళు మూసుకుని గోదారికి దణ్ణం పెడుతోంది, మేం వెనక సీట్లోంచి అద్దానికి ముక్కులు ఆనించి ఇసకతిన్నెలు చూస్తున్నాం. ఊపిరాడక బావ వెనక తలుపు కాస్త తెరిచి తాడు కట్టేడు. ఆ తెలివి పనికిరాలేదు. కారు పరిగెడుతుంటే సైలెన్సరు పొగంతా ఆ సందులోంచి లోపలికే చొరబడింది. రాజమండ్రి చేరేసరికి ఇద్దరు పిల్లలు వాంతులు. ఎస్టేటు కారు వెనక తలుపు తెరిచి పోకూడదు, ఏ దేశంలోనైనా అంతే.

ఆ తర్వాతి మాఘమాసంలో అంతర్వేది తీర్థం. నరసాపురం దాకా దర్జాగా వెళ్ళేం. అక్కడ వశిష్ఠ గోదారి దాటాలి, పంటు మీద సఖినేటిపల్లి వైపుకి. రేవులో పల్లానికి దిగి, చెక్కల మీంచి పంటు ఎక్కాలి. ముందు చక్రాలు చెక్కలెక్కేసరికి వెనక బంపరు నేలని గీరుకుంది. పంటు సరంగు చెయ్యెత్తేడు. "ఏవండీ, కారు ఎక్కించమంటారా, ఊరు ఎక్కించమంటారా?" అన్నాడు. అందరం దిగేం. దిగుతూనే ఉన్నాం. రేవులో జనం ఎంతమంది దిగుతారోనని చూస్తూ నిలబడిపోయేరు. మామ్మ ఒక్కతే దిగలేదు.

తిరిగొచ్చేటప్పుడు మార్టేరు సెంటర్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపేడు. ఆర్సీ పుస్తకంలో రాసిందానికీ లోపలున్న తలకాయలకీ పొంతన లేదు. పెదనాన్నగారు, "అవి సీట్లు కాదండీ, సామాన్లు పెట్టుకునే బల్లలు" అన్నారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "అలాగాండీ, అయితే సామాన్లే పెట్టుకోండి" అని మమ్మల్నందర్నీ దింపించి బస్సెక్కించేడు. పెదనాన్నగారికి తల తీసేసినట్టయ్యింది. ఆ వారమే దరఖాస్తు పెట్టి, మార్పు పుస్తకంలో రాయించుకోడానికి కారు తీసుకెళ్ళేరు. పరీక్షకొచ్చింది మళ్ళీ ఆ ఇన్‌స్పెక్టరే! టేపు పెట్టి కొలిచేడు. సీటు చట్రం రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగేడు. కదల్లేదు. కారు కింద పడుకుని పలకలు చూసేడు. లేచి చొక్కా దులుపుకుంటూ, "ఏ మేస్త్రీ?" అని అడిగేడు.

కారు ముసలిదయ్యేక కొన్నవాడు కూరగాయలు తోలుకోడానికన్నాడు, సీట్లు అక్కర్లేదన్నాడు. విప్పుదామంటే నట్టులు తుప్పుపట్టి పలకతో కలిసిపోయేయి. చివరికి గ్యాసు పెట్టి కాళ్ళు కోయించేం. కోసిన వాటిలో ఒకదాన్ని మా తమ్ముడు తన మారుతీ ఓమ్నీలో పెట్టిద్దామని తీసుకెళ్ళేడు గానీ, అందులో కూచుంటే పెద్దవాళ్ళ తల పైకప్పుకి తగిలింది.