తుప్పు మొదలయ్యేది అతుకు దగ్గరే: స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఏ రాడ్డు వాడాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణమే కాదు, బొగ్గు పట్టణం కూడా. ఆగ్నేయ మధ్య రైల్వే, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఇక్కడే ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరిది. కోర్బా గనుల బొగ్గును మోసే వ్యాగన్లకు ప్రధాన శత్రువు తుప్పు. తడిసిన బొగ్గు నుంచి కారే నీరు మామూలు ఉక్కును త్వరగా తినేస్తుంది. అందుకే పాత బాక్స్‌ఎన్ వ్యాగన్ల తర్వాత రైల్వే స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీతో బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ రకాన్ని తెచ్చింది. ఇది పాతదానికన్నా దాదాపు రెండు టన్నులు తేలిక.

అయితే రేకు ఎంత మంచిదైనా, అతుకు సరిగా లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

అయస్కాంతాన్ని నమ్మొద్దు

అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదన్నది చాలామంది నమ్మకం. వంటపాత్రల్లోనూ పాల ట్యాంకుల్లోనూ వాడే 304 రకానికి అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. వ్యాగన్లలో వాడే ఐఆర్‌ఎస్ ఎం-44 ఉక్కుకు మాత్రం గట్టిగా అంటుకుంటుంది. ఇది సుమారు 12 శాతం క్రోమియం ఉన్న ఫెరిటిక్ రకం. అయస్కాంతం అంటుకుందని దీన్ని మామూలు ఇనుముగా లెక్కగట్టి మైల్డ్ స్టీల్ రాడ్డుతో అతికితే అతుకులో క్రోమియం చాలదు. అది పెళుసుబారుతుంది, తుప్పూ పడుతుంది. కాబట్టి లోహం ఏమిటో పరీక్ష పత్రం చూసి తెలుసుకోవాలి.

దేనికి ఏది

• 304, 304ఎల్ రేకులకు: 308ఎల్ రాడ్డు.

• 316, 316ఎల్ రేకులకు: 316ఎల్ రాడ్డు. ఇందులోని 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పునీటి దాడిని తట్టుకుంటుంది.

• 321 రకానికి: నియోబియం కలిసిన 347 రాడ్డు.

• స్టెయిన్‌లెస్‌ను మైల్డ్ స్టీల్‌తో కలపడానికి: 309ఎల్. కరిగిన మైల్డ్ స్టీల్ అతుకులో కలిసి క్రోమియం, నికెల్ పాళ్లను తగ్గిస్తుంది. 309ఎల్‌లో ఇవి ఎక్కువ కాబట్టి ఆ లోటు పూడుతుంది.

• 12 శాతం క్రోమియం ఫెరిటిక్ ఉక్కుకు: సాధారణంగా 308ఎల్ లేదా 309ఎల్. రైల్వే పనుల్లో మాత్రం ఆమోదం పొందిన వెల్డింగ్ విధాన పత్రమే అంతిమం.

ఖరీదైనది కదా అని 316ఎల్‌ను అన్నిచోట్లా వాడటం తెలివైన పని కాదు. గాఢ నైట్రిక్ ఆమ్లం వంటి వాటి దగ్గర మాలిబ్డినం మేలు చేయదు.

పేరులోని ‘ఎల్’, చివరి అంకె

ఉక్కు సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే కార్బన్, క్రోమియంతో కలిసి రేణువుల అంచుల్లో చేరుతుంది. ఆ అంచుల చుట్టూ క్రోమియం తగ్గి తుప్పుకు దారి ఏర్పడుతుంది. ‘ఎల్’ రాడ్డు అతుకులో కార్బన్ 0.04 శాతం మించదు కాబట్టి ఆ ముప్పు తగ్గుతుంది. రేకు కూడా తక్కువ కార్బన్‌దైతేనే పక్కన వేడి తగిలిన భాగానికి ఆ రక్షణ ఉంటుంది.

చివరి అంకె పూత రకాన్ని చెబుతుంది. 15 ఉంటే డీసీ మాత్రమే. నిలువు, తలపై పనులకు అనువు. 16 ఉంటే ఏసీ, డీసీ రెండూ. 17 రకం బల్లపరుపు పనుల్లో నున్నని అతుకునిస్తుంది.

రాడ్డు సరైనదైనా పని చెడేది ఇక్కడ

స్టెయిన్‌లెస్ రాడ్డుకు విద్యుత్ నిరోధం ఎక్కువ. మైల్డ్ స్టీల్ రాడ్డుకు పెట్టే కరెంటే పెడితే ఎర్రగా కాలి పూత చెడుతుంది. ఫెరిటిక్ రకంలో వేడి ఎక్కువైతే రేణువులు పెద్దవై అతుకు పక్కభాగం పెళుసవుతుంది. అందుకే కరెంటు తగ్గించి, సన్నని వరుసలుగా, ఒక వరుస చల్లారాకే మరొకటి వేయాలి.

తేమ పట్టిన రాడ్డు అతుకులో గుల్లలు తెస్తుంది. వానాకాలంలో విప్పిన పెట్టెలోని రాడ్లను తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి వాడాలి. శుభ్రం చేయడానికి స్టెయిన్‌లెస్ తీగ బ్రష్షే కావాలి. మామూలు ఇనుప బ్రష్షు వదిలే రజను తుప్పుకు విత్తనం. అతుకు పక్కన మిగిలే నీలి, గోధుమ మచ్చలనూ పికిలింగ్ పేస్టుతోనో రుద్దో తీసేయాలి.

ఈ పొగలో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది. వెల్డింగ్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్రూప్ 1 క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ట్యాంకు, వ్యాగన్ లోపల పనిచేసే వెల్డరుకు పొగ లాగే ఫ్యాను, తగిన మాస్కు ఇవ్వడం రాడ్డు ఎంపికంత ముఖ్యం.