ఎవరి లెక్కలో స్త్రీ?

గ్లెండా జాక్సన్ ఉపన్యాసం ఒకటి నేను చాలాసార్లు చూశాను. 2013 ఏప్రిల్ 10న, అంతకు రెండు రోజుల ముందు చనిపోయిన మార్గరెట్ థాచర్‌కి బ్రిటిష్ కామన్స్ సభ నివాళి అర్పిస్తోంది. పొగడ్తల మధ్య ఈ లేబర్ సభ్యురాలు లేచి, దుకాణాల గుమ్మాలే ఇళ్లయిపోయిన నిరాశ్రయుల గురించీ, గోడలు పెచ్చులూడిన బడుల గురించీ మాట్లాడింది. ఎదుటి బెంచీల వాళ్లు గోల చేస్తున్నా గొంతు తగ్గించలేదు. యుద్ధకాలంలో మగవాళ్లు లేని ఇళ్లలో తన తరాన్ని పెంచిన ఆడవాళ్లని తలుచుకుని, థాచర్ ఆడమనిషే కావచ్చు గానీ తన లెక్కలో స్త్రీ కాదంటూ ముగించింది.

మొదటిసారి విన్నప్పుడు చప్పట్లు కొట్టాను. తర్వాత ఆ చివరి మాటే ముల్లులా గుచ్చుకుంది.

ఆ కోపం ఎక్కడిదో అర్థం చేసుకోగలను. 1936లో బర్కెన్‌హెడ్‌లో తాపీమేస్త్రీ కూతురిగా పుట్టింది. తల్లి ఇళ్లు శుభ్రం చేసేది. గ్లెండా పదహారేళ్లకే బడి మానేసి, నాటకశాలలో సీటు దొరికేదాకా మందుల షాపులో పనిచేసింది. 1964లో పీటర్ బ్రూక్ నాటకం 'మారా/సాద్' ఆమెకు పేరు తెచ్చింది. 1971లో బీబీసీ 'ఎలిజబెత్ ఆర్' కోసం నుదుటిపై జుట్టు గొరిగించుకుంది. అందంగా కనబడడం తన పని కాదనుకున్న నటి ఆమె. రెండు ఆస్కార్లు వస్తే ఒక్కటీ అందుకోవడానికి వెళ్లలేదు. 1992లో నటన వదిలి ఎంపీ అయింది. ఇరాక్ యుద్ధం విషయంలో సొంత పార్టీనే ఎదిరించింది.

ఇలా 'ఆడదానిలా' ఉండమన్న కొలతల్ని జీవితమంతా ధిక్కరించిన మనిషి, ఇంకో స్త్రీని కొలవడానికి అదే కొలబద్ద ఎందుకు పట్టుకుంది? థాచర్ విధానాలు క్రూరమైనవని చెప్పడానికి ఆమె స్త్రీత్వాన్ని రద్దు చేయనక్కర్లేదు. అలా చేస్తే, దయ చూపడమే స్త్రీ లక్షణమన్న పాత పాఠాన్ని మనమే మళ్లీ వల్లెవేసినట్టు కాదా?

2015లో రాజకీయాలు విడిచి, మరుసటి ఏడాది ఎనభయ్యేళ్ల వయసులో ఓల్డ్ విక్‌లో కింగ్ లియర్‌గా వేదికెక్కింది. రాణిగా మార్చుకోలేదు, రాజుగానే నటించింది. వయసు మీదపడేకొద్దీ ఆడా మగా గీతలు చెరిగిపోతాయంది. మూడేళ్ల క్రితం సభలో తాను గీసిన గీతని వేదిక మీద తనే చెరిపేసినట్టు నాకనిపిస్తుంది.

కానీ లియర్ పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "ముసలి ఆడవాళ్లకి అంత పెద్ద పాత్ర ఒక్కటీ లేదా మేడమ్?" నాటక రచయితలకి స్త్రీలంటే ఆసక్తి లేదని గ్లెండా దశాబ్దాలుగా చేసిన ఫిర్యాదు అదే. 2019లో 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్'లో మతిమరుపు వృద్ధురాలి పాత్ర దొరికేసరికి ఆమెకు ఎనభై మూడేళ్లు. 2023 జూన్‌లో చనిపోయింది.

ఆమెతో నా పేచీ తీరలేదు. అయినా ఆ ఉపన్యాసం ఇప్పటికీ క్లాసులో చూపిస్తాను. చివరి మాట దగ్గర ఆపి, "ఎవరి లెక్కలో?" అని అడుగుతాను.