శిక్షయా? శిక్షణయా?

తెలుగున 'శిక్ష' అనగా దండన. సంస్కృతమున ఆ మాటకే విద్య నేర్చుట అని అర్థము. పెంపుడు కుక్కకు నేర్పు విషయమున ఈ రెండర్థములకును నడుమ జరిగిన వివాదమునకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. దానినే నేడు మా పాఠకులకు మనవి చేయుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లీషు వేటగాండ్రు కుక్కకు నేర్పుటను 'విరుచుట' అనెడివారు. పేరునకు తగినట్లు కొరడాయే గురువు. 1880 దశకమున అమెరికాలో హామండ్ అను రచయిత ఆ మాటనే ఆక్షేపించి, మాంసపు ముక్కతోను మెప్పుతోను నేర్పవచ్చునని గ్రంథము వ్రాసెను.

అయినను చాలకాలము పైచేయి దండోపాయమునదే. 1910లో జర్మనీకి చెందిన కోన్రాడ్ మోస్ట్ పోలీసు కుక్కల అనుభవముతో ఒక గ్రంథము ప్రకటించెను. తప్పిన క్షణముననే మెడపట్టెడను గుంజుట, ఒప్పిన క్షణముననే మెచ్చుట ఆయన మార్గము. 1962లో అమెరికాలో విలియం కోయెలర్ గొలుసు పట్టెడతో ఇట్టి పద్ధతినే ఇంటింటికిని తెచ్చెను. ఈ విధానము ఫలింపలేదనుట న్యాయము కాదు. ఎన్నియో కుక్కలు దీనివలన మాట విన్నవి. ఏ వెల చెల్లించి విన్నవనునదే ప్రశ్న.

ఇంతలో ప్రయోగశాలలు వేరొక దారి చూపినవి. 1898లో థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో నుంచి, సుఖఫలము నిచ్చిన చర్యయే మరల మరల జరుగునని గ్రహించెను. 1951లో స్కిన్నర్ అను శాస్త్రజ్ఞుడు, టిక్కుమని మ్రోగు పిల్లల ఆటవస్తువుతో కుక్కకు నేర్పు విధమును ఒక పత్రికలో సామాన్యులకు వివరించెను. తిండి నోటికందుటకు కొంత వ్యవధి పట్టును. ఆ చప్పుడు మాత్రము 'ఇదే ఒప్పు' అని ఆ క్షణముననే తెలుపును. హవాయిలో డాల్ఫినులకు నేర్పిన కరెన్ ప్రయర్ 1984లో ఈ సూత్రములనే గృహస్థులకు అందించెను. డాల్ఫిను మెడకు గొలుసు వేయుట ఎవరితరము? నచ్చనిచో అది ఈదుకొని పోవును!

దండనలోని చిక్కు మేమును ఎరుగుదుము. ఇంటికి వచ్చునప్పటికి చెప్పు కొరికియున్నది. పిలిచితిమి, తోక నాడించుచు వచ్చినది, కొట్టితిమి. చెప్పు కొరుకరాదని అది నేర్వలేదు. పిలిచిన రారాదని నేర్చినది. మరల ధైర్యముగా మా చెంతకు వచ్చుటకు దానికి నెలలు పట్టినది.

2020లో పోర్చుగలున 92 కుక్కలపై జరిగిన పరిశోధనలో, దండన మార్గమున నేర్చిన వానియందు కలతయొక్క చిహ్నములు హెచ్చుగా కనబడినవి. 2021లో అమెరికాలోని జంతుప్రవర్తనా పశువైద్యుల సంఘము బహుమాన పద్ధతులనే వాడుడని ప్రకటించెను.

ఐతే బహుమానమునకును వివేకము కావలెను. భోజనమువేళ మొరిగినప్పుడెల్ల ముద్ద వేసినచో మొరుగుటనే నేర్పినవారమగుదుము. కోరిన పనికి వెంటనే ఈయవలెను. కోరని పనికి ప్రతిఫలము లేకుండ చూడవలెను. కొరుకరాని వస్తువును అందకుండ దాచవలెను.

సామదానభేదముల పిమ్మటనే దండమును చెప్పిరి మన పెద్దలు. మన గుమ్మమున కాపున్న నోరులేని మిత్రుని విషయమునను ఆ వరుస తప్పనక్కరలేదు. కుక్కకు సంబంధించినంతవరకైనను, 'శిక్ష'కు సంస్కృతము చెప్పిన అర్థమే మనకు చాలును.