కొలిమి వేడి - కంటి శుక్లం

1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సోవియట్ సహకారంతో వెలసిన ఆ ఉక్కు నగరానికి తెలుగు కుటుంబాలెన్నో పని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాయి.

ఫర్నేస్ నుంచి ఇనుము సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడితో ప్రవహిస్తుంది. ఆ మిరుమిట్లే కంటికి చేటు అని మీరనుకోవచ్చు. కాని అసలు ప్రమాదం కంటికి కనిపించని పరారుణ కిరణాలలో ఉంది. ఏళ్ళ తరబడి వీటి వేడి తగిలితే కంటిలోని పారదర్శకమైన కటకం మసకబారుతుంది. అదే శుక్లం.

ఈ సంగతి బయటపడింది ఉక్కు కార్మికులలో కాదు, గాజు కార్మికులలో. వారి కళ్ళు దెబ్బతింటున్నాయని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే రాశాడు. రెండు శతాబ్దాల తరువాత, 1908లో, లండన్ రాయల్ సొసైటీ దీనిపై ఒక సంఘాన్ని నియమించింది. అందులో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త విలియం క్రూక్స్ రకరకాల లోహాలు కలిపి గాజులు తయారుచేసి పరీక్షించి, 1914లో ఫలితాలు ప్రచురించాడు. ఉష్ణ కిరణాలను బాగా అడ్డుకున్నది ఏమిటో తెలుసా? ఫెర్రస్ రూపంలోని ఇనుమే!

మరి వేడి కటకాన్ని ఎలా చేరుతుంది? కటకమే కిరణాలను పీల్చుకుంటుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫోగ్ట్ భావించాడు. ముందున్న ఐరిస్ వేడెక్కి, ఆ వేడిని కటకానికి అందిస్తుందని అదే దేశానికి చెందిన గోల్డ్‌మన్ 1930లలో వాదించాడు. 1984లో స్వీడన్ పరిశోధకులు ఉక్కు, గాజు కార్మికులిద్దరిపైనా అధ్యయనాలు వెలువరించారు.

ఇక్కడొక మెలిక ఉంది. ఫర్నేస్ పనివారు వాడుతూ వచ్చిన నీలి కోబాల్ట్ అద్దం మిరుమిట్లను తగ్గిస్తుంది, పరారుణాన్ని మాత్రం చాలావరకు లోపలికి వదిలేస్తుంది. కంటికి హాయిగా ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు.

మన దేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం మూడవ షెడ్యూలులో పరారుణ కిరణాల వల్ల వచ్చే శుక్లానికి వృత్తి వ్యాధిగా చోటు దక్కింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ కళ్ళకు తెరలు, కళ్ళద్దాలు ఏర్పాటు చేయాలంది. కాని ఈ శుక్లం నెమ్మదిగా ముదురుతుంది. రిటైరయ్యాక బయటపడితే వయసు వల్ల వచ్చిందని సరిపెట్టుకుంటారు. అందుకే మీ ఇంట్లో కొలిమి దగ్గర పనిచేసినవారుంటే, కంటి వైద్యుడు అడగకపోయినా వారు చేసిన పనేమిటో, ఎన్నేళ్ళు చేశారో చెప్పండి.